గ్రీకుల ఇగురు కూరలు

గ్రీకు వంట అనగానే చాలామందికి కళ్ళ ముందు కదిలే బొమ్మ ఒకటే. గిన్నెలో టమాటా, కీరా, ఉల్లి ముక్కలు, నల్ల ఆలివ్‌లు, పైన తెల్లటి ఫెటా చీజ్ బిళ్ళ. ఆ సలాడ్ నిజంగానే ఉంది, ఎండాకాలంలో బాగుంటుంది కూడా. కానీ దాంతో ఏ గ్రీకు ఇల్లూ గడవలేదు. వారాల తరబడి మాంసం ముట్టని రోజుల్లో అక్కడి పొయ్యిల మీద ఉడికినవి వేరు. బీన్స్, బెండకాయ, వంకాయ, పచ్చి బఠాణీ, బంగాళాదుంప, ఆర్టిచోక్ లాంటివాటిని టమాటాతోనో నిమ్మరసంతోనో కలిపి ఆలివ్ నూనెలో మెత్తగా మగ్గించిన కూరలు అవి. వాటన్నిటికీ కలిపి గ్రీకులు పెట్టుకున్న పేరు ‘లదెరా’. ‘లాది’ అంటే నూనె. లదెరా అంటే నూనె కూరలు, అంతే.

ఈ కూర అయిందో లేదో తేల్చుకోవడానికి గ్రీకు ఇళ్ళలో ఒక గుర్తు చెబుతారు: ‘దాని నూనెతో అది మిగలాలి’ అని. కూరలో ఊరిన నీళ్ళన్నీ పోవాలి. ముక్కల చుట్టూ నూనె, ఆ నూనెలో కరిగిపోయిన టమాటా, ఉల్లి మాత్రమే ఉండాలి. తెలుగువాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. మన భాషలో ఇగరడం అంటే ఇదే, ఇగురు కూరకి ఆ పేరు వచ్చిందీ ఇందుకే. ‘ఇంకా నూనె తేలలేదు, కాసేపు ఉండనీ’ అన్న మాట వినపడని తెలుగు వంటిల్లు ఉండదు.

గ్రీకు కూరలు ఇంట్లో చేస్తే చప్పగా వచ్చాయనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. మసాలా లేదు కాబట్టి అలా ఉంటాయని సరిపెట్టుకుంటారు. అసలు సంగతి చాలాసార్లు అది కాదు. నూనె సగానికి తగ్గించేస్తారు, ముక్క కరకరలాడాలని పది నిమిషాల్లో దించేస్తారు, దించీ దించగానే వేడివేడిగా తినేస్తారు. ఈ మూడింట్లో ఏది చేసినా లదెరా చెడుతుంది. మూడూ చేస్తే ఇక ఉడకేసిన కూరగాయలే మిగులుతాయి.

నీచు ముట్టని రోజుల వంట

ఇంత నూనె ఎందుకు పోస్తారో అర్థం కావాలంటే చర్చి క్యాలెండర్ చూడాలి. గ్రీకు ఆర్థడాక్స్ సంప్రదాయంలో ‘నిస్తియా’ అంటే ఉపవాసం. ఏమీ తినకుండా ఉండే ఉపవాసం కాదది. మన ఇళ్ళలో కార్తీక మాసంలో నీచు ముట్టకుండా ఉంటారే, దానికి దగ్గర. ఈస్టర్‌కి ముందు ‘సరకోస్తి’ అనే నలభై రోజులు, దాని వెనకే పవిత్ర వారం. క్రిస్మస్‌కి ముందు నవంబర్ 15 నుంచి మరో నలభై రోజులు. ఆగస్టు 1 నుంచి 14 దాకా మరియమ్మ పండగకి ముందు రెండు వారాలు. వీటికి తోడు ఏడాది పొడుగునా, కొన్ని వారాలు మినహా, ప్రతి బుధవారం, శుక్రవారం. అన్నీ పట్టింపుగా పాటించేవాళ్ళకి ఏడాదిలో దాదాపు సగం రోజులు ఇందులోకే వెళ్ళిపోతాయి. ఇప్పుడు అంత నిష్ఠగా ఉండేవాళ్ళు తక్కువే. అయినా సరకోస్తి వచ్చిందంటే బేకరీల్లో, హోటళ్ళలో ‘నిస్తీసిమా’, అంటే ఉపవాసానికి పనికొచ్చేవి, అని విడిగా బోర్డులు వేలాడతాయి.

ఈ రోజుల్లో మాంసంతో పాటు చేపలు, గుడ్లు, పాలు, వెన్న, చీజ్ అన్నీ బంద్. వంట చేసే మనిషి చేతిలో మిగిలేవి కూరగాయలు, పప్పుదినుసులు, బియ్యం, గోధుమ, నువ్వులు, ఆ పైన నూనె. నెయ్యి లేదు, పెరుగు లేదు, కొబ్బరి అసలే లేదు. కడుపుకి కమ్మదనం రావలసింది నూనె నుంచే. అందుకే అక్కడ నూనె ముక్కలు వేయించుకోవడానికి మూకుట్లో వేసే రెండు గరిటెల సరుకుగా మిగిలిపోలేదు. మన గుత్తి వంకాయలో నువ్వులు, పల్లీల ముద్ద ఏ పని చేస్తుందో అక్కడ ఆ పని నూనె చేస్తుంది. మరీ కఠినమైన కొన్ని రోజుల్లో ఆ నూనె కూడా మానేస్తారు. గుడ్ ఫ్రైడే నాడు చాలా ఇళ్ళలో చుక్క నూనె లేకుండా మసూర్‌లు ఉడకబెట్టి వెనిగర్ పోసుకుని తింటారు. తిన్నవాళ్ళకి మిగతా రోజుల్లో నూనె విలువ ఏమిటో బాగా తెలిసొస్తుంది.

ఇక్కడ మన శాకాహారులు జాగ్రత్త పడాల్సిన చిక్కు ఒకటుంది. నిస్తీసిమో అన్నదల్లా శాకాహారం కాదు. చేప వద్దుగానీ ఆక్టోపస్, స్క్విడ్, రొయ్య, ఆల్చిప్ప ఫర్వాలేదు. వాటికి రక్తం లేదని చెప్పే వాడుక అది. సరకోస్తి మొదలయ్యే ‘కథారా దెఫ్తెరా’, అంటే శుభ్ర సోమవారం నాడు, జనం ఊరి బయటికి వెళ్ళి గాలిపటాలు ఎగరేస్తారు. నువ్వులు చల్లిన ‘లగానా’ రొట్టె, ఆలివ్‌లు, పెద్ద చిక్కుడు గింజలు, హల్వా పట్టుకెళ్తారు. ఆ పక్కనే లేత గులాబీ రంగులో ఒక పచ్చడి ఉంటుంది. పేరు తరమసలాతా. చూడ్డానికి ఏ బీట్‌రూట్ పెరుగు పచ్చడో అనిపిస్తుంది. అది చేపగుడ్లతో చేసేది.

మన లెక్కలో గుడ్డు కాదు, పాలు అవును. వాళ్ళ ఉపవాస లెక్కలో రెండూ కాదు. మామూలు రోజుల్లో రెండూ అవును. కాబట్టి పాలకూర కూరిన ‘స్పనకోపితా’ మామూలు రోజుది అయితే లోపల గుడ్డు ఉండే అవకాశం ఎక్కువ. ద్రాక్షాకుల్లో చుట్టిన ‘దోల్మాదాకియా’ మీద గుడ్డు, నిమ్మరసం కలిపిన సాస్ పోసే పద్ధతి ఒకటి ఉంది. ఉపవాసం నాటి స్పనకోపితాలో గుడ్డూ ఉండదు, చీజూ ఉండదు. ఆకు, ఉల్లికాడలు, సోయకూర, నూనె ఉంటాయి. ఆకులోంచి వచ్చే నీటిని పీల్చడానికి గుప్పెడు బియ్యమో రవ్వో చల్లుతారు. గుడ్డు తినని ఇళ్ళకి ఇదే నేరుగా పనికొచ్చే పద్ధతి, వేరే ప్రత్యామ్నాయాలు వెతుక్కోనక్కర్లేదు.

ఫెటా సంగతి ఇంకా మెలికైనది. 2002 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఆ పేరు గ్రీసులో చేసిన చీజ్‌కే చెల్లుతుంది. గొర్రెపాలు, లేదా అందులో 30 శాతం మించకుండా మేకపాలు కలిపి చేసి, కనీసం రెండు నెలలు ఉప్పునీటిలో మాగబెట్టాలి. పాలు విరవడానికి సంప్రదాయంగా వాడేది గొర్రెపిల్లల, మేకపిల్లల కడుపులోంచి తీసే రెనెట్. గట్టి చీజ్‌లు గ్రవియెరా, కెఫలోతీరి కూడా ఆ బాపతే. దీన్ని పట్టించుకునే ఇళ్ళవాళ్ళు డబ్బా మీద పచ్చ చుక్క ఉందా, మైక్రోబియల్ రెనెట్ (సూక్ష్మజీవుల నుంచి తీసేది) అని రాశారా అన్నది చూసుకోవాలి. అదీ వద్దనుకుంటే పనీర్ ముక్కల్ని గట్టి ఉప్పునీళ్ళలో ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, తినేముందు నిమ్మరసం పిండితే సరి. ఫెటా రుచి రాదు. కూర పక్కన ఉప్పగా, పుల్లగా ఏదో ఒకటి ఉండాలన్న అవసరం మాత్రం తీరుతుంది.

బెండకాయతో మొదలుపెడితే

లదెరా నేర్చుకోవడానికి తెలుగు ఇంట్లో బెండకాయను మించినది లేదు. గ్రీకులు ‘బామియెస్’ అంటారు. జిగురుతో వాళ్ళకీ మనకున్న తగాదానే ఉంది.

అర కిలో లేత, పొట్టి బెండకాయలు తీసుకోవాలి. మనం తొడిమ అడ్డంగా కోసేస్తాం. అక్కడ కోయరు, పెన్సిల్ చెక్కినట్టు తొడిమ చుట్టూ చాకుతో చెక్కుతారు. లోపలి గింజల గది తెరుచుకోకూడదన్నది ఉద్దేశం. అది తెరుచుకుంటే జిగురు కూరలోకి దిగుతుంది. చెక్కిన కాయల్ని పళ్ళెంలో పరిచి, ఉప్పు, మూడు నాలుగు చెంచాల వెనిగర్ చల్లి, అరగంట నుంచి గంట దాకా ఎండలో పెడతారు. మనం పెరుగో చింతపండో వేసి లాగించే పనిని వాళ్ళు పొయ్యి ఎక్కించకముందే పులుపుతోనూ ఎండతోనూ ముగించేస్తారు. తర్వాత ఒకసారి కడిగి గుడ్డ మీద ఆరబెడతారు.

వెడల్పు గిన్నెలో అర కప్పు ఆలివ్ నూనె పోసి, రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి వేయాలి. ఎర్రబడనీయకూడదు. సన్నసెగ మీద అద్దంలా అయ్యేదాకా మగ్గితే చాలు. అందులో నాలుగు పండు టమాటాలు. వీటిని ముక్కలుగా తరగరు, సగానికి కోసి కోరాము మీద రుద్దుతారు. గుజ్జంతా గిన్నెలోకి పోతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. మిక్సీ అక్కర్లేని తేలిక పద్ధతి, మన వంటల్లోకీ అరువు తెచ్చుకోవచ్చు. ఉప్పు, మిరియాల పొడి, టమాటా మరీ పుల్లగా ఉంటే చిటికెడు చక్కెర. బెండకాయలు పరిచి, మూత పెట్టి, అర కప్పు నీళ్ళకి మించకుండా పోసి సిమ్‌లో పెట్టాలి.

ఇక ఇక్కడి నుంచి గరిటె ముట్టకూడదు. కలిపితే కాయ చితుకుతుంది. మధ్యమధ్య గిన్నె చెవులు పట్టుకుని కుదపడమే. ముప్పావు గంటకి దగ్గరపడుతుంది. మొదట పలచటి ఎర్ర పులుసులా ఉన్నది చిక్కబడి, అంచుల దగ్గర నారింజరంగు నూనె విడివిడిగా కనపడటం మొదలవుతుంది. చప్పుడు కూడా మారుతుంది. బుడబుడమని ఉడికేది పోయి, సన్నగా చిటపటలాడుతుంది. అప్పుడు పార్స్‌లీ తరుగు వేసి దించేయాలి.

దించిన తర్వాత ఆగడం ఈ వంటలో భాగం. అరగంట, గంట. లదెరా ఇంచుమించు చల్లారాక తినేది, మర్నాడు ఇంకా బాగుంటుంది. పులిహోర కలిపిన క్షణంలో కన్నా గంట ఆగాక ఉప్పూ పులుపూ మెతుక్కి పట్టినట్టే ఇక్కడా జరుగుతుంది. వేడిలో మరుగున పడిన నూనె రుచి అప్పుడే నాలిక్కి అందుతుంది. పక్కన రొట్టె ఉండి తీరాలి. గిన్నె అడుగున మిగిలిన నూనెలో రొట్టె ముక్క అద్ది తుడుచుకు తినడాన్ని గ్రీకులు ‘పపారా’ అంటారు. పెద్ద హోటల్లో మర్యాద కాదేమోగానీ ఇంట్లో అది చేయకపోతే కూర నచ్చలేదనుకుంటారు. అన్నంలో కలుపుకున్నా తప్పేం లేదు.

చెయ్యి ఊరుకోక ఆవాలు, కరివేపాకు పోపు వేయబుద్ధవుతుంది. వేస్తే మంచి బెండకాయ టమాటా కూర వస్తుంది, అది మన కూర. పార్స్‌లీ దొరకలేదని కొత్తిమీర వేయడం దీనికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆకు చూడ్డానికి ఒకేలా ఉంటుంది. గ్రీసు ఇళ్ళలో కొత్తిమీర ఆకు వాడకం దాదాపు లేదు. ఒక్క కట్టతో ఊరు మారిపోతుంది. పార్స్‌లీ లేకపోతే పుదీనా నాలుగు రెబ్బలు వేయడం మేలు. ఆకుకూరల్లోకి, బియ్యం వంటల్లోకి సోయకూర ఎలాగూ ఉంది.

నూనె గురించి రెండు మాటలు. కిలో కూరగాయలకి ముప్పావు కప్పు, ఒక్కోసారి కప్పు దాకా పోసే ఇళ్ళున్నాయి. మన దగ్గర ఆలివ్ నూనె ధర చూస్తే గుండె గుభేలుమంటుంది కాబట్టి చాలామంది చవగ్గా వస్తుందని ‘పొమాస్’ అని రాసిన సీసా తెస్తారు. ఆలివ్‌లు పిండేశాక మిగిలిన పిప్పిలోంచి ద్రావకాలతో తీసి శుద్ధి చేసిన నూనె అది. వేపుడికి పనికొస్తుంది. రుచీ వాసనా ఉండవు కాబట్టి లదెరాకి దండగ. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె వేడి చేయకూడదన్న భయం ఇంకొకటి. గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపూ కూర వేడి నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, నూనె పొగ వచ్చేంత వేడికి చేరే ప్రసక్తే లేదు. ఖర్చు తగ్గించుకోవాలంటే సగం పొద్దుతిరుగుడు నూనెతో వండి, దించాక మంచి ఆలివ్ నూనె రెండు మూడు చెంచాలు పచ్చిగా పోసుకోవచ్చు. ఆ పచ్చి నూనె పైన పోయడం గ్రీకులూ చేసే పనే.

వంకాయ వంట ‘ఇమామ్ బయిల్దీ’ కథ కూడా నూనె చుట్టూనే తిరుగుతుంది. టర్కీ మాట, ‘ఇమామ్ మూర్ఛపోయాడు’ అని అర్థం. రుచికి పడిపోయాడని కొందరు, భార్య అందులో పోసిన నూనె లెక్క విని పడిపోయాడని కొందరు. రెండో కథ చెప్పినవాళ్ళకి వంట వచ్చు.

బిర్యానీకి చుట్టం

ముక్కలన్నీ కలిపి వెడల్పు ట్రేలో కాల్చే వంటకం ‘బ్రియామ్’. బంగాళాదుంప, వంకాయ, జుకిని, ఉల్లి, వెల్లుల్లి, టమాటా, పైన నూనె. హైదరాబాద్‌వాళ్ళకి ఆ పేరు వినగానే ఏదో తట్టాలి. కాల్చిన, వేయించిన అనే అర్థం ఉన్న ‘బిర్యాన్’ అనే పారశీక మాట తుర్కుల నోట గ్రీసు చేరి బ్రియామ్ అయింది, ఇటు వచ్చి బిర్యానీ అయింది. ఒకటి మాంసంతో దమ్ముకెళ్ళింది, ఇంకోటి కూరగాయల పళ్ళెంలో కూర్చుంది.

ఓవెన్ లేదని దీన్ని వదులుకోనవసరం లేదు. చాలా గ్రీకు ఇళ్ళలో కూడా ఒకప్పుడు ఓవెన్ లేదు. ఆదివారం పొద్దున ట్రే సర్దుకుని వీధిలో రొట్టెలు కాల్చే ‘ఫూర్నోస్’ దగ్గర ఇచ్చి, మధ్యాహ్నానికి తెచ్చుకునేవారు. మందపాటి అడుగున్న గిన్నెలో, కింద దుంపలు, పైన మిగతావి పేర్చి సన్నసెగ మీద గంట ఉంచితే కాలిన అంచులు రావుగానీ రుచి చాలా దగ్గరకొస్తుంది. ప్రెషర్ కుక్కర్ మాత్రం పనికిరాదు. అందులో నీళ్ళు బయటికి పోయే దారే లేదు కదా, ఇక ఇగిరేదెక్కడ.

ఇదే ట్రేలో చేసే ఇంకో ఇంటి వంట ‘గెమిస్తా’, కూరినవి అని. టమాటాల, కాప్సికమ్‌ల పైభాగం మూతలా కోసి, టమాటా గుజ్జు తోడి, దానిలో బియ్యం, ఉల్లి, పుదీనా, పార్స్‌లీ, నూనె కలిపి మళ్ళీ వాటిలోనే కూరుతారు. ముప్పావు వంతే నింపాలి, బియ్యం ఉబ్బుతుంది. సందుల్లో దుంప ముక్కలు దూర్చి గంటన్నర కాలుస్తారు. బాస్మతి వద్దు, అది పొడిపొడిగా నిలబడుతుంది. సోనామసూరి నయం.

అనాథలు, అబద్ధాలకోర్లు

మాంసం లేకుండా చేసిన గెమిస్తాని ‘ఓర్ఫనా’ అంటారు, అంటే అనాథలు. మాంసం లేని ద్రాక్షాకు చుట్టల్ని, అంటే దోల్మాదెస్‌ని, ‘యలంజీ’ అంటారు, టర్కీ భాషలో అబద్ధాలకోరు. టమాటాతోనో పప్పుతోనో వేసే గారెల్లాంటివాటికి కొన్ని ద్వీపాల్లో ‘ప్సెఫ్తొకెఫ్తెదెస్’ అని పేరు: దొంగ కీమా ఉండలు. పేర్లు పెట్టినవాళ్ళ మనసులో ఏముందో దాచుకోలేదు. కూరగాయ వాళ్ళకి ఆదర్శం కాదు, మాంసం దొరకనప్పుడో చర్చి వద్దన్నప్పుడో తినేది. మన శాకాహారంలో ఈ లోటు భావన ఉండదు. పప్పుని ఎవరూ అనాథ అనరు.

ఈ తేడా గుర్తుంచుకుంటే ‘మెడిటరేనియన్ డైట్’ (మధ్యధరా తీరపు తిండి) గురించిన ప్రచారాన్ని సరిగ్గా చదవగలం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1948లో, అమెరికాకి చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ గ్రీసులోని క్రీట్ ద్వీపంలో ఇంటింటి సర్వే చేయించింది. అక్కడివాళ్ళు తినేవి ఆలివ్‌లు, ధాన్యం, పప్పులు, అడవి ఆకులు, పళ్ళు. ఈ తిండితో తృప్తిగా ఉన్నారా అంటే చాలామంది లేదనే అన్నారు, మాంసం కావాలన్నారు. 1958లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో అదే క్రీట్ గుండెజబ్బులు అతి తక్కువ ఉన్న చోటుగా తేలింది. 2010లో యునెస్కో ఆ భోజన సంప్రదాయాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. పేదరికంలో తిన్న తిండి ప్రపంచానికి ఆదర్శమైంది. ఇందులో చర్చి ఉపవాసాల పాత్ర ఎంత, నూనె పాత్ర ఎంత అని క్రీట్ పరిశోధకులే తర్వాత ప్రశ్న లేవదీశారు. ఏడాదిలో సగం రోజులు మాంసం, వెన్న ముట్టని మనుషుల ఆరోగ్యాన్ని ఒక్క ఆలివ్ సీసా ఖాతాలో వేయడం కష్టమే.

మధ్యలో ఇంకో మలుపు కూడా ఉంది. నికోలాస్ త్సెలెమెంతెస్ (1878-1958) అనే వంటవాడు వియన్నాలో, అమెరికాలో పనిచేశాడు, వంట పుస్తకం రాశాడు. అది ఎంతగా చెలామణీ అయిందంటే గ్రీకులో వంట పుస్తకానికే ‘త్సెలెమెంతెస్’ అని పేరు పడిపోయింది. గ్రీకు వంట మీద టర్కీ నీడ తొలగించాలన్నది ఆయన పట్టుదల. మసాలాలు, వెల్లుల్లి తగ్గించి, వెన్న, మైదా, పాలతో చేసే ఫ్రెంచి సాస్‌లు తెచ్చాడు. ఇవాళ వంకాయ, కీమా పొరలతో చేసే మూసాకా పైన కనపడే తెల్లటి మందపాటి పొర ఆయన చలవే అంటారు. పట్నం మధ్యతరగతి ఇళ్ళు ఆ దారి పట్టాయి. ఉపవాసం నాటి లదెరా జోలికి మాత్రం ఆ వెన్న రాలేకపోయింది, చర్చి ఒప్పుకోదు కాబట్టి.

పప్పు, ఆకు

త్సెలెమెంతెస్‌ది సిఫ్నోస్ ద్వీపం. ఆ ద్వీపానికి పేరు తెచ్చిన వంట చూస్తే ఆయన మీద కాస్త నవ్వొస్తుంది: ‘రెవిథాదా’. కాబూలీ శనగలు, ఉల్లి, బిరియానీ ఆకు, నూనె, నీళ్ళు. అంతకు మించి ఏమీ లేదు. మూతున్న మట్టికుండలో పెట్టి శనివారం రాత్రి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి శనగ నోట్లో వెన్నలా కరుగుతుంది. పైన నిమ్మరసం పిండుకుంటారు. రాత్రంతా మండే పొయ్యి మన ఇళ్ళలో ఉండదు. నానబెట్టిన శనగల్ని మందపాటి గిన్నెలో, అతి సన్నని సెగ మీద మూడు నాలుగు గంటలు ఉంచితే దాని నీడ దొరుకుతుంది.

సాంతోరినీ ద్వీపపు ‘ఫావా’ మనకి ఇంకా చుట్టం. ఇది ముద్దపప్పు, మరో మాట లేదు. పేరు చూసి ఫావా బీన్, అంటే బాకలా చిక్కుడు అనుకుంటారు, కాదు. లాథిరస్ జాతికి చెందిన పసుపు పప్పు అది. మన దగ్గర దశాబ్దాల కిందటే అమ్మకంపై నిషేధం పడిన ఖేసరి పప్పుకి దగ్గరి బంధువు, వేరే రకం. అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన అక్రోతీరి పట్టణపు తవ్వకాల్లో సుమారు 3,500 ఏళ్ళ నాటి ఆ గింజలు దొరికాయి. మిగతా గ్రీసులో పసుపు బఠాణీ పప్పుతోనే చేస్తారు, మనకీ అదే వీలు. ఉల్లిపాయ వేసి, నురగ తీసేస్తూ, మెత్తగా కరిగేదాకా ఉడికించి, చివర్లో ఉప్పు వేసి మెదుపుతారు. పోపు లేదు. నెయ్యి చోట పచ్చి ఆలివ్ నూనె, నిమ్మరసం, పచ్చి ఉల్లి తరుగు. చల్లారితే గట్టిపడుతుంది, అలా గట్టిపడ్డాకే తింటారు.

‘గిగాంతెస్’ అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలది వేరే పాఠం. ఉత్తరాన ప్రెస్పా సరస్సుల దగ్గర పండే పెద్ద రకానికి ‘ఎలెఫాంతెస్’ అనే పేరుంది, ఏనుగులు అని. మన బజారులో దొరికే ఎండు డబుల్ బీన్స్‌తో చేయొచ్చు. గింజ పూర్తిగా మెత్తబడ్డాకే టమాటా వేయాలి. పులుపు తగిలితే గింజ గట్టిగా ఉండిపోతుంది. పప్పు ఉడక్కముందే చింతపండు పులుసు పోసి నాలిక్కరుచుకున్నవాళ్ళు దీన్ని ఇట్టే పట్టేస్తారు.

ఆకుకూరల దగ్గర మాత్రం ప్రత్యామ్నాయం వెతకాల్సిన పనే లేదు. ఎండాకాలంలో గ్రీకులు ఉడకబెట్టుకునే ‘వ్లీతా’ మన తోటకూర కుటుంబమే. వాళ్ళు ‘గ్లిస్త్రిదా’ అని టమాటాలోనో పెరుగులోనో పచ్చిగా కలుపుకునేది మన గంగపాయల కూర. మనం పప్పులో వేస్తాం, పుల్లకూర చేస్తాం. వాళ్ళు తోటకూరను కాడలతో సహా ఉప్పునీళ్ళలో మెత్తగా ఉడికించి, నీళ్ళు వార్చి, నూనె, నిమ్మరసం పోసుకుని గోరువెచ్చగా తింటారు. ‘హోర్తా’ అంటే ఇదే. చేయడానికి పావుగంట పట్టదు. నూనె మంచిది కాకపోతే దాచుకునే చోటే లేని వంట, అందుకే కొత్త సీసా తెచ్చినప్పుడు మొదట దీనితో రుచి చూడటం మంచిది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు

ఉపవాసం రోజుల్లో తీపి కూడా నూనెతోనే. రవ్వ హల్వాని కొలత పుస్తకం చూడకుండా చేస్తారు, ఎందుకంటే కొలతే ఒంట్లు: ఒక కప్పు నూనె, రెండు కప్పుల రవ్వ, మూడు కప్పుల చక్కెర, నాలుగు కప్పుల నీళ్ళు. నూనె సగం ఆలివ్, సగం ఇంకేదైనా వాసన లేనిది వాడినా నడుస్తుంది.

చక్కెర, నీళ్ళు, దాల్చినచెక్క, రెండు లవంగాలు, నారింజ తొక్క కలిపి అయిదు నిమిషాలు మరిగించి పక్కన పెట్టుకోవాలి. తీగపాకం రానక్కర్లేదు. ఇంకో గిన్నెలో నూనె కాగాక బొంబాయి రవ్వ పోసి తిప్పుతూ ఉండాలి. రవ్వకేసరికి మనం కమ్మటి వాసన రాగానే ఆపేస్తాం, రవ్వ తెల్లగానే ఉంటుంది. ఇక్కడ ఆపకూడదు. పది పదిహేను నిమిషాలు వేగి, ముదురు బెల్లం రంగు రావాలి. ఆ రంగు రాకపోతే తినేటప్పుడు నూనే తెలుస్తుంది, వస్తే వేరుశనగ వేగిన వాసన తెలుస్తుంది. తర్వాత స్టవ్ ఆపి, కాస్త దూరంగా నిలబడి పాకం పోయాలి. అగ్గిలా పైకి చిమ్ముతుంది, పొడుగు కాడ గరిటె తప్పనిసరి. మళ్ళీ సన్నసెగ మీద రెండు మూడు నిమిషాలు తిప్పితే గిన్నె అంచులు వదిలేస్తుంది. దాని మీద పొడి గుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయాలి, ఆవిరి గుడ్డ పీల్చుకుంటుంది. గిన్నెలోకి అదిమి, పూర్తిగా చల్లారాక పళ్ళెంలోకి బోర్లించి, దాల్చినచెక్క పొడి చల్లి ముక్కలు కోస్తారు. వేడి మీద కోస్తే పొడిపొడిగా విరిగిపోతుంది.